అంచు పగిలిన చిట్టి గ్లాసు

బల్ల గ్లాసులు కడుగుతున్నాను. గుడి వెనక మెట్ల మీద కూర్చుని, మోకాళ్ల ముందు ఇత్తడి పళ్లెం పెట్టుకుని, బొటనవేలంత చిట్టి గాజు గ్లాసుల్ని ఒక్కొక్కటిగా నీళ్లలో ముంచి తీస్తున్నాను. నెలకొకసారి ప్రభువు బల్ల ఆచరించాక ఈ పని నాదే, నా పదమూడో ఏటి నుంచీ నాదే, అందుకని చేతులు వాటంతటవే కదులుతున్నాయి. ద్రాక్షరసం మరక నీళ్లలోకి దిగుతూనే ఉంది గాని నీళ్లు ఎర్రబడటం లేదు, అది నాకేమీ వింతగా అనిపించడం లేదు. కింది మెట్టు మీద నాన్న కూర్చుని, నేను కడిగి అందించిన గ్లాసును భుజం మీది తువ్వాలుతో తుడిచి ట్రేలో బోర్లిస్తున్నాడు. నాన్న పోయి ఐదు నెలలైందని నాకు తెలుసు. మేం తొడిగి పంపిన తెల్ల చొక్కాయే ఒంటి మీద ఉంది, మెడ దగ్గర గుండీ అమ్మ పెట్టినట్టే పెట్టి ఉంది.

"బతికుండగా ఒక్కనాడు వీటిని తుడవలా, ఇప్పుడేంది నాన్నా" అంటాను.

"అప్పుడు తీరికెక్కడిది? ఇప్పుడు కావాల్సినంత తీరిక." నాన్న గ్లాసును వెలుతురుకి ఎత్తి చూస్తాడు. "నిదానంగా తోము సలోమీ. నీ చేతిలో పడితే గాజు కూడా అరిగిపోద్ది."

ఈ మాట నన్ను ఆయన ఎన్నిసార్లు అన్నాడో. నవ్వబోతాను, నవ్వు రాదు, ఎందుకంటే నా చేతిలోకి అంచు పగిలిన గ్లాసు వచ్చింది.

అది నాన్న గ్లాసు. ఎప్పుడో ట్రేకి తగిలి అంచున చిన్న పెచ్చు ఊడితే, ఎవరి పెదవైనా తెగుతుందని నాన్న దాన్ని తన వంతుకు పెట్టుకున్నాడు. మా సంఘంలో బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు కుడి అరచేతిని ఎడమ అరచేతి మీద ఉంచి చాపుతారు, అయ్యగారు ఒక్కొక్కరి చేతిలో రొట్టె ముక్క పెట్టి, గ్లాసు అందిస్తారు. అందరికీ ఇచ్చాక, వాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా, బల్ల వైపు తిరిగి తన వంతు తనే తీసుకుంటారు. అయ్యగారికి ఇచ్చేవాళ్లంటూ ఎవరూ లేరు. అందుకే, మా అయ్యగారైన నాన్న తన వంతు తీసుకోవడం మానేసిన సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు. చివరి రెండేళ్లూ ఆ గ్లాసు నా దగ్గరికి పొడిగానే వచ్చింది. నేను తడి గ్లాసులతో కలిపి దాన్నీ కడిగాను, ఎవరికీ చెప్పలేదు, నాన్ననూ అడగలేదు.

ఇప్పుడు కూడా అది పొడిగానే ఉంది. నీళ్లలో ముంచుతాను, పొడిగానే పైకి వస్తుంది. మళ్లీ ముంచుతాను.

"ఊరికే శ్రమ పడమాక" అంటాడు నాన్న.

మెట్లు ఎప్పుడు అయిపోయాయో తెలియదు, మేమిద్దరం మిరప కల్లంలో ఉన్నాం. కల్లం నిండా ఎర్రటి కాయలు పరిచి ఉన్నాయి, కాయల మీదే చాపలు వేసుకుని సంఘమంతా వరసగా కూర్చుని ఉంది, ఎవరికీ ఘాటు తగలడం లేదు, ఒక్క దగ్గు కూడా వినపడదు. అందరికంటే వెనక, తలుపు దగ్గర, గోడలే లేనిచోట నిలబడి ఉన్న మా గుడి తలుపు దగ్గర, దీనమ్మత్త తన చాప మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు బల్లకు పులియని రొట్టె కాల్చిన మనిషి. కల్లం పక్క దారిలో దీనమ్మత్త ఇరుగింటి నాగేంద్రమ్మ పోతోంది, కుడి చేతికి సిమెంటు కట్టు, తల మీద ఏమీ లేదు, అయినా ఏదో మోస్తున్నట్టు మెడ నిటారుగా ఉంది.

మూడేళ్ల కిందట పోలేరమ్మ తిరునాళ్ల రోజున నేను కుట్టు నేర్చుకుని వస్తూ, దీనమ్మత్త తల మీద పసుపు పూసిన పొంగలి కుండ చూశాను. ఇంటికొచ్చి, నాన్న అన్నం తింటుంటే మజ్జిగ పోస్తూ, చూసింది చూసినట్టు చెప్పాను. కొత్త సంగతి తెచ్చానన్న చిన్న సంతోషం కూడా నాలో ఉందేమో, ఇప్పుడు తలచుకుంటే ఉందనే అనిపిస్తుంది. ఆ వచ్చే ఆదివారం నాన్న ప్రసంగం మధ్యలో దీనమ్మత్తను పేరు పెట్టి లేపాడు. పోలేరమ్మకు మొక్కిందని ఆరు నెలలు బల్లకు దూరం, రొట్టె చేయకూడదు, తలుపు దగ్గర కూర్చోవాలి. ఆమె లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, తన చాప తనే చుట్టుకుని వెనక్కి నడిచింది.

నాలుగు నెలలకు నాగేంద్రమ్మే మా ఇంటికొచ్చి, తన చేయి విరిగితే తన మొక్కు కుండ ఇరుగింటి మనిషి వీధి చివరిదాకా మోసి పెట్టిందని, దానికి మీరు ఆమెను వాకిట్లో కూర్చోబెట్టారటగదా అయ్యగారూ అని అడిగి వెళ్లింది. నాన్న ఆ సాయంత్రమే సంఘం పెద్దల్ని పిలిచాడు. అయ్యగారు తప్పు ఒప్పుకుంటే రేపు సంఘంలో ఎవరు మాట వింటారని పెద్ద తిమోతి గారు అన్నారు. గడువు ఎటూ అయిపోవస్తోంది, ఊరుకుంటే సరిపోతుందన్నారు. నాన్న ఊరుకున్నాడు. ఆరు నెలలు నిండాక, దీనమ్మ ఇక ముందుకు రావచ్చునని ప్రకటించాడు. ఆమె రాలేదు. చేయని తప్పుకు క్షమాపణ ఎట్లా పుచ్చుకునేది వదినా అని అమ్మను అడిగిందట. నాన్న గ్లాసు పొడిగా రావడం ఆ నెల నుంచే.

"నేను చెప్పకపోయినా బాగుండేది" అంటాను.

నాన్న తువ్వాలు మడత పెడుతున్నాడు, మడత పెట్టేకొద్దీ అది పెద్దదవుతోంది. "నువ్వు చూసింది చెప్పావు. ఎందుకు మోసిందో అడగాల్సింది నేను. వాళ్లిల్లు ఎంత దూరం? చెప్పుల్లేకుండా పోయి రావచ్చు." "ముప్పై ఏళ్లు కృపను గురించి చెప్పానమ్మా. చెప్పడం బాగానే వచ్చు నాకు."

చివరి రోజుల సంగతి అడగాలని ఉంది, ఆయన మంచం గుర్తుకు రాగానే మేం ఆ మంచం దగ్గరే ఉన్నాం. కల్లం మధ్యలో మంచం, మంచం పక్కన మా ఇంటి గోడ ముక్క ఒకటి, దాని మీద మా క్యాలెండరు. ఆ రోజు దీనమ్మత్త మా గడప దాటి లోపలికి వచ్చింది. నూనె లేని రొట్టె ఒకటి ఆకులో చుట్టి తెచ్చింది. నా మనసులో ఏమీ లేదయ్యగారూ, మీరు దిగులు పెట్టుకోవద్దు అంది. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె కాసేపు నిలబడి, రొట్టెను కిటికీలో పెట్టి వెళ్లిపోయింది. నాలుగో రోజు నాన్న పోయాడు. ఆ రొట్టె గట్టిపడేదాకా కిటికీలోనే ఉంది.

"గోడ వైపు ఎందుకు తిరిగావు నాన్నా? ఆమె తిడుతుందనా?"

"తిడుతుందంటే ఆమె వైపే తిరిగి ఉండేవాణ్ణి. తిట్టదని తెలిసే తిరిగాను."

ఆయన గొంతులో ఏడుపు లేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. సంఘం అంతా కళ్లు మూసుకుంది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది, దాని మీద ఒక్క రొట్టె. నాన్న లేచి బల్ల ముందుకు పోతాడు, వెనక వైపుకు కాదు, ముందుకు, జనం నిలబడేచోటికి. అక్కడ నిలబడి చేతులు చాపుతాడు. అరచేతులు కిందికి ఉన్నాయి, ఆరాధన చివర దీవెన ఇచ్చేటప్పుడు చాపినట్టు. నాకు అర్థమవుతుంది. ఆయనకు తెలియదు. ఇన్నేళ్లూ ఎదుటివాళ్ల చేతుల్ని చూస్తూనే ఉన్నాడు గాని తన చేతులు ఎట్లా పట్టాలో ఆయనకు అలవాటు లేదు.

నేను వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంటాను. చల్లగా లేదు, నీళ్లలో నానినట్టు మెత్తగా ఉంది. చేతులు రెండూ వెల్లకిలా తిప్పి, ఎడమ చేయి కింద, కుడి చేయి పైన పెడతాను. చిన్నప్పుడు నాకు పలక పట్టుకోవడం ఇట్లాగే నేర్పాడు.

"ఇట్లా పడితే చేతులు ఖాళీగా ఉన్నాయని అందరికీ తెలిసిపోద్ది గదమ్మా" అంటాడు నెమ్మదిగా.

"అందుకే నాన్నా అట్లా పట్టేది."

ఆయన చేతులు దించడం లేదు. తలుపు దగ్గర దీనమ్మత్త లేస్తుంది. నడుస్తుంది. కాయల మీద ఆమె అడుగుల చప్పుడు ఎండుటాకుల మీద నడిచినట్టు వినపడుతోంది, ఆమె నడిచేకొద్దీ కల్లం సాగుతోంది, బల్ల మాత్రం ఉన్నచోటే ఉంది.

"సోమవారం సంఘం ఇల్లు ఖాళీ చేస్తున్నారంటగా" అంటాడు నాన్న, చూపు ఆమె మీద నుంచి తిప్పకుండా.

అవునంటాను. కొత్త అయ్యగారు వచ్చారని, రేపు మొదటి బల్ల ఆయనే ఇస్తారని, దీనమ్మత్త చాప తలుపు దగ్గరే ఉందని, ఎందుకుందో ఆయనకు తెలియదని చెబుతాను. మేం పోయాక ఇక చెప్పేవాళ్లు ఉండరని కూడా చెబుతాను.

"నువ్వు చెప్తావా?"

"నేను లేచి మాట్లాడితే ఎవరికి వినపడుద్ది నాన్నా? నా గొంతు నీకు తెలుసు గదా."

నాన్న అప్పుడు నా వైపు చూస్తాడు. కోపం లేదు. "ఆ రోజు మజ్జిగ పోస్తూ ఎంత నెమ్మదిగా చెప్పావో గుర్తుందా? సంఘమంతా వినపడింది."

నేను తల వంచుకుంటాను. నా చేతిలో అంచు పగిలిన గ్లాసు ఇంకా పొడిగానే ఉంది. తల ఎత్తేసరికి దీనమ్మత్త సగం దూరం వచ్చింది, లేదా అక్కడే ఉంది, నాన్న చేతులు అలాగే చాచి ఉన్నాయి, తువ్వాలు ఆయన భుజం మీద నుంచి జారిపోతోంది, నేను పట్టుకోవడానికి వంగుతాను.

మెడ పట్టేసింది. మా ఇంటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. శనివారం మధ్యాహ్నం, రేపటి బల్లకు గ్లాసులు కడిగి పెడదామని నీళ్లు పెట్టుకుని సగంలోనే కునుకు తీశాను. ట్రక్కు మాట్లాడడానికి పోయిన అమ్మ ఇంకా రాలేదు. వసారా నిండా తాళ్లు కట్టిన పెట్టెలు, నాన్న పుస్తకాల మూట.

ఎదురుగా దీనమ్మత్త కూర్చుని ఉంది. ప్రయాణానికని పండుమిరపకాయ పచ్చడి సీసా తెచ్చినట్టుంది, అది గడప పక్కన ఉంది. నేను వదిలేసిన గ్లాసులు కడిగేసింది, తుడిచి ట్రేలో బోర్లిస్తోంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. మూడేళ్లుగా ఆమె చేయి ఈ గ్లాసుల మీద పడలేదు. తుడుస్తున్నది తన కొంగుతో. ఆఖరి గ్లాసు చేతిలో ఉంది, ఆ అంచు పగిలినదే.

ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను.

"అత్తా. తిరునాళ్ల రోజున నిన్ను చూసి నాన్నకు చెప్పింది నేనే. కుండ ఎవరిదో తెలియకుండా చెప్పాను. రేపు అందరి ముందూ చెప్తాను."

నా గొంతు నాకే సరిగా వినపడలేదు. దీనమ్మత్త తల ఎత్తలేదు. కొత్త మాట విన్న జాడ ఆమె ముఖంలో లేదు. పగిలిన అంచు దగ్గర కొంగు చిక్కుకోకుండా, వేలితో మెల్లగా తుడుస్తోంది. తర్వాత నా ఒడి వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. నా చేతులు ఒడిలో వెల్లకిలా ఉన్నాయి, ఎడమది కింద, కుడిది పైన. నిద్రలో ఎప్పుడు అలా పెట్టుకున్నానో తెలియదు.

ఆమె ముందుకు వంగి గ్లాసును నా అరచేతిలో పెట్టింది. ఎంత తుడిచినా అడుగున ఒక నీటిబొట్టు మిగిలే ఉంది, ఎండకు మెరుస్తోంది. నేను చేతులు కదపకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను. దీనమ్మత్త మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, పచ్చడి సీసాను నీడలోకి జరిపి, తడిసిన కొంగు భుజాన వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.