కింది నుంచి మూడో పూస

తెల్ల దుప్పటి ఇంకొకటి ఉండాలి ఇంట్లో, రంజానుకు ఉతికి మడతపెట్టి ట్రంకు పెట్టెలోనే పెట్టినట్టు గుర్తు, పైన ఉందో అడుగున ఉందో, ముందు గదిలో పరిచినవి రెండూ చాలడం లేదు, ఖురాన్ చదవడానికి వచ్చిన ఆడవాళ్లు గడప దాకా కూర్చున్నారు, ఇంకా వస్తున్నారు, వాళ్లను వట్టి బండల మీద కూర్చోబెట్టడం బాగుండదు అనుకుంటూ రుఖయ్యా లోపలి గదిలో పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుంది, పొద్దున ఫజర్ అజాన్ వినబడుతుండగానే ముస్తఫా పోయాడు, చిన్న తమ్ముడు, ఆ మాట ఇప్పటికి ఎంతమందికి ఫోనులో చెప్పిందో, స్కూలుకు కూడా తనే చేసి హెడ్మాస్టరు వెంకటేశ్వరరావు గారితో, సార్, మా తమ్ముడు చనిపోయాడు, పిల్లలకు బయాలజీ రివిజన్ మిగిలి ఉంది, ఎవరినైనా చూడండి అంది, ఒక్క మాట తడబడలేదు, తడబడనందుకు తన మీద తనకే భయం వేసింది, మధ్యాహ్నం జొహర్ నమాజుకు మగవాళ్లు జనాజా ఎత్తుకున్నారు, ముందువైపు పెద్ద తమ్ముడు యూనుస్ భుజం పెట్టాడు, ఆడవాళ్లు గుమ్మం దాటకూడదు కనుక గల్లీ మలుపు తిరిగేదాకా మాత్రమే కనబడింది, పైన కప్పిన ఆకుపచ్చ గుడ్డ కొస ఒకటి ఎగిరి మళ్లీ పడింది, అంతే.

దుప్పటి దొరికింది, దాని కింద ఇంకేదో చేతికి తగిలింది, మందపాటి ఖాకీ కవరు, తీసి చూడకముందే తెలిసింది అది యూనుస్ నడుము ఫోటో అని, రెండేళ్లవుతోంది, పాశమైలారంలో కెమికల్ కంపెనీకి లోడింగ్ పనికి కుదిరినప్పటిది, అంతకుముందు ఎవడో నడుము విరిగిందని పరిహారం కోసం కంపెనీని పట్టుకుంటే అప్పటి నుంచి కాంట్రాక్టరు శివకుమార్ ఎక్స్‌రే లేకుండా ఎవర్నీ డ్రమ్ముల దగ్గరికి రానివ్వడం లేదు, ఆ రోజు యూనుస్ ఈ కవరు ఊపుకుంటూ వచ్చాడు, ఆపా, సూడు, నా నడుము పాసయింది, నువ్వేమో పది పాస్ కావద్దా అని కొట్టినవ్, ఇగో నడుముతోని పాసైన, అని అరిచాడు, ముస్తఫా మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా, అంత నవ్వెందుకురా అంటే, భాయ్ నడుము, నా నడుము వేరేనా ఆపా, ఒక్క అమ్మీ పెట్టిన బొక్కలే గదా, అన్నాడు, యూనుస్ వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు, నసీమా చాయ్ పెట్టింది, యూనుస్ భార్య, ఇప్పుడు ముందు గదిలో ఏడ్చి ఏడ్చి గొంతు పోయి కూర్చున్న నసీమా, ఆ రోజు చాయ్‌లో ఇలాచీ కూడా వేసింది, ఇల్లంతా ఇలాచీ వాసన.

ఎందుకు తీసిందో తెలియదు, బహుశా ఒక్కటన్నా పూర్తిగా ఉన్న నడుమును చూడాలని కావచ్చు, రెండు నెలలుగా ఆసుపత్రిలో తెల్ల దీపాల పలక మీద ముస్తఫా బొక్కలనే చూసీ చూసీ కళ్లలో అవే నిలిచిపోయాయి, కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకు అడ్డంగా ఎత్తిపట్టింది, మూలన కుడి ఎడమలు తెలిపే సీసపు అక్షరం తిరగబడి కనబడితే ఫిల్మును తిప్పి పట్టింది, మనిషి ఎదురుగా నిలబడి మనల్ని చూస్తున్నట్టు పట్టుకోవాలి మేడమ్, వాళ్ల ఎడమ మన కుడివైపు వస్తుంది, అని డాక్టర్ హరిచందన చెప్పింది, చిన్నపిల్ల, తన దగ్గర చదివిన పిల్లల వయసే, మీరు బయాలజీ టీచరు కదా, దాచి లాభం లేదు, చూడండి, ఒక్కో పూసలో ఒక్కో గుడ్లగూబ ముఖం ఉంటుంది, ఈ రెండు గుండ్రాలు కళ్లు, మధ్యలో ఇది ముక్కు, కింది నుంచి లెక్కపెట్టండి, ఐదు ముఖాలు, ఇక్కడ చూడండి ఒక కన్ను లేదు, దాని పైన రెండూ లేవు, లోపలి గడ్డ తినేసింది, బొక్కలోనే పుట్టే గడ్డ, నెమ్మదిగా తింటుంది, అన్నది, చావును పాఠంలా చెప్పవచ్చని రుఖయ్యాకు అప్పటిదాకా తెలియదు, తలూపింది, తరగతిలో మంచి విద్యార్థి తలూపినట్టు.

ఒకటి, రెండు కళ్లు, బాగున్నాయి, పైన రెండోది, రెండు కళ్లు, మూడోది, వేలు ఆగిపోయింది, ఒకటే కన్ను, ఎడమ కన్ను ఉండాల్సిన చోట మసక మాత్రమే ఉంది, గుండ్రం లేదు, కిటికీ ఊచ అడ్డమొచ్చిందేమో అని పక్కకు జరిగింది, లేదు, కొంగుతో తుడిచింది, లేదు, మూడో గుడ్లగూబ ఒంటికన్నుతో తననే చూస్తోంది, యా అల్లా, వీడికి కూడానా, మూలన పేరు చదివింది, యూనుస్, మగ, మళ్లీ చదివింది, రెండేళ్ల కిందటిది ఇది, అప్పుడే ఇలా ఉంటే ఇప్పటికి ఎన్ని కళ్లు పోయి ఉంటాయి, పొద్దున ఒకడిని కడిగి పంపాం, ఇంకొకడు వాడినే మోసుకుంటూ నడుస్తున్నాడు, నసీమాకు ఏం చెప్పాలి, ముందు గదిలో ఆడవాళ్లు ఖర్జూరం గింజలు లెక్కపెడుతూ చదువుతున్నారు, ఒక్కో గింజ టక్కుమని పళ్లెంలో పడుతోంది, ఆ టక్కు టక్కుల మధ్య రుఖయ్యా చూపు ఫిల్ము అడుగుకు జారింది, తుంటి బొక్క రెక్క మీదికి, కుడివైపున, అక్కడ ఒక చుక్క, బియ్యపు గింజంత, బొక్క కన్నా తెల్లగా, మిగతా ఏ తెలుపుకూ సంబంధం లేనట్టు.

ఇనుప రవ్వ, ముస్తఫా లేత్ షాపులో పని నేర్చుకునే రోజుల్లో మిషను నుంచి ఎగిరి తుంటిలో దిగింది, తనే ఆటోలో సంగారెడ్డి తీసుకెళ్లింది, లోతుగా పోయింది, తీస్తే ఎక్కువ కోయాలి, ఉంటే ఉండనియ్యండి, ఏం చేయదు అన్నారు, అప్పటి నుంచి వాడు నాలో లోహ ఉందాపా, చుంబక్ పెట్టి సూడు, అంటుకుంటది అని ఆట పట్టించేవాడు, హరిచందన కూడా మొన్న దాని మీద వేలు పెట్టి ఇదేంటి అని అడిగింది, లేత్ రవ్వ అని చెబితే పాపం అంది, ఇదే రవ్వ, ఇక్కడే, ఇది యూనుస్ కాదు, యూనుస్ కాదు, అల్‌హందులిల్లా అని పెదవులు అనేశాయి, అన్నాక వినబడింది తనకు, ఏ తమ్ముడు బతికాడని, ఏ తమ్ముడు పోయాడని ఈ అల్‌హందులిల్లా, కొంగు నోట్లో కుక్కుకుంది, ఇప్పుడు తెలిసింది ముస్తఫా ఆ రోజు అంత ఎందుకు నవ్వాడో, యూనుస్‌కు అంతకుముందే సిమెంటు గోదాములో నడుము పట్టేసింది, ఎడమకాలు మడమ దాకా గుంజుతుందనేవాడు, పాసవ్వడని తెలుసు, అందుకని తమ్ముడు పోయి అన్న పేరు చెప్పి ఎక్స్‌రే మిషను కింద పడుకున్నాడు, అక్కడ చూసినవాళ్లు పూసల మధ్య సందులు చూసి ఉంటారు, బరువులెత్తేవాడి నడుము పోయేది ఆ సందుల్లోనే కనుక, సందులు బాగున్నాయి, పాస్, తనకు చూపిస్తే తనూ నిటారుగా అలిఫ్ అక్షరంలా ఉందిరా అంది, ఆ ఏడు సాయంత్రం పూట సూర్యగ్రహణం పట్టినప్పుడు గల్లీ పిల్లలంతా మేడ మీద ఈ ఫిల్ములోంచే చూశారు, ముస్తఫా కూడా చూశాడు, భాయ్ నడుములకెళ్లి సూర్యుడు కనిపిస్తున్నడు ఆపా అన్నాడు, తన ఎముకల్లోంచి తనే చూస్తూ.

మరి డాక్టరు పాత ఎక్స్‌రే ఏమైనా ఉందా, పోల్చి చూస్తే ఎంత వేగంగా తింటుందో తెలుస్తుంది అని అడిగినప్పుడు, ముస్తఫా మంచం మీద నుంచి యూనుస్ వైపు చూశాడు, యూనుస్ కిటికీ వైపు చూశాడు, ఎన్నడు తియ్యలే మేడమ్, ఇదే మొదలు, అన్నాడు ముస్తఫా, మెల్లగా, నీళ్లు అడిగినంత మామూలుగా, అప్పటికే చేయగలిగింది ఏమీ లేదు కనుక ఆ అబద్ధం వల్ల పోయిందీ ఏమీ లేదు, అన్న పని పోకుండా మాత్రం ఉంది, వాడికి తెలుసా ఈ ఫిల్ములో ఏముందో, తెలియదు, ఇద్దరికీ తెలియదు, ఎక్స్‌రే చదవడం ఇంట్లో ఎవరికీ రాదు, ఇప్పుడు తనకు వచ్చింది, తను కూడా నేర్చుకున్నది వాడి దగ్గరే, వాడి ఎముకల మీదే.

టీచరమ్మా, జెరంత చాయ్ తాగు, అంటూ పక్కింటి నర్సింహమ్మ స్టీలు గ్లాసు పట్టుకొని వచ్చింది, మూడు రోజులు ఈ ఇంట్లో పొయ్యి వెలగదు కనుక పొద్దటి నుంచి తన ఇంటి పొయ్యి ఆర్పలేదామె, పొద్దుగాల్నుంచి ఏం తినకపోతివి, పోయినోని ఎనక మనం పోతమా, అని గ్లాసు కిటికీ దిమ్మ మీద పెట్టి, రుఖయ్యా చేతిలోది చూసి, ఆ పిలగాని ఫోటోనా, పెట్టెయ్యి తల్లీ, ఇగ ఏం చూస్తవ్ అంది, రుఖయ్యా యూనుస్‌ది అనీ అనలేదు, ముస్తఫాది అనీ అనలేదు, రెండూ అబద్ధమే అవుతాయి, రెండూ నిజమే అవుతాయి, నర్సింహమ్మ గొంతు తగ్గించింది, గా యూనుస్‌ను జెర అర్సుకో, మలుపు కాడ సూసిన, జనాజా దించలే, ఇంకొకని భుజం మీదికి ఇయ్యలే, కాలు ఈడ్సుకుంట నడుస్తుండు, మా అన్న యాదన్నకు గిట్లనే ఉంటుండె, కానియ్యి తియ్ అనుకుంటనే ఉన్నం, ఇగ ఒకనాడు మూత్రం కూడ రాకపాయె, మంచం పట్టె, నువ్వు సూడలేదా, నీ ఎదురుంగనే గదా.

బయట చెప్పుల చప్పుడైంది, మగవాళ్లు మట్టి ఇచ్చి తిరిగి వచ్చారు, రుఖయ్యా దుప్పటి ఒక చేత్తో, కవరు ఒక చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది, గోళెం దగ్గర నసీమా చెంబుతో నీళ్లు పోస్తుంటే యూనుస్ చేతులు కడుక్కుంటున్నాడు, వంగడం లేదు, వంగలేక నిలబడే చేతులు ముందుకు చాపాడు, నీళ్లు పైజామా మీద పడుతున్నాయి, బరువంతా కుడికాలి మీద వేసి ఎడమకాలిని కొంగలా ఎత్తీ ఎత్తక ఉంచాడు, గోళ్లలో తమ్ముడి మట్టి ఎర్రగా ఉంది, తలెత్తి చూసి కవరును గుర్తుపట్టాడు, అదెందుకు తీసినవ్ ఆపా, అన్నాడు, దుప్పటి కోసం చూస్తే దొరికింది, అంది, కవరు మీద నుంచి చూపు తిప్పుకున్నాడు, శివకుమార్ ఫోన్ చేసిండాపా, రేపటి లోడుకు మనుషుల్లేరంట, మూడు రోజులు అంటే ఇగ రాకు అంటుండు, పొద్దుగాల పోతా, అన్నాడు గోడ పట్టుకుంటూ, చెప్పాలా, తమ్ముడి చావు నీ పేరుతో రెండేళ్లు ఈ పెట్టెలో పడి ఉందని వీడికి చెప్పాలా, చెబితే వీడు మళ్లీ నిలబడతాడా, చెప్పకపోతే తను ఒక్కతే ఎన్నాళ్లు ఆ ఒంటికన్నును చూస్తూ ఉండాలి, అది రేపు తేల్చుకోవచ్చు, నలభయ్యో రోజు తేల్చుకోవచ్చు, ఎప్పటికీ తేల్చుకోకపోవచ్చు, అది అయిపోయిన నడుము, దాన్ని చూడాల్సినవాళ్లూ చూడక్కర్లేనివాళ్లూ అందరూ చూశారు, కాంట్రాక్టరు చూశాడు, డాక్టరు చూసింది, తను చూసింది, గ్రహణం నాడు గల్లీ అంతా చూసింది, ఎదురుగా గోడ పట్టుకుని నిలబడ్డ ఈ మనిషిని, ఎడమ తన కుడివైపుకు వచ్చేలా తనవైపే తిరిగి నిలబడ్డ ఈ మనిషిని చూస్తూ రుఖయ్యా చేతిలోని దుప్పటిని మెల్లగా గడప మీద పెట్టింది.

యూనుస్ నడుమును ఇంతవరకు ఎవరూ ఫోటో తీయలేదు.