మూడు నిమిషాల సాక్ష్యం

2012 ఫిబ్రవరి, మంగళవారం ఉదయం ఆరూ ఇరవైకి వసంతకుమారి మరుగుతున్న నీళ్ళలో రవ్వ పోసింది. అమెరికాలో వాళ్ళుండే హెర్న్‌డన్ నుంచి రాష్ట్ర రాజధానికి రెండు గంటల డ్రైవ్. బాక్సులో ఉప్మా పెట్టుకోకుండా ఆమె ఊరు దాటదు.

కూతురు ఫెబీ నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. ఇప్పుడు ఆరో నెల. పరీక్షలనాటికి డెలివరీ అని తెలిసి కాలేజీ ఆఫీసులో "విత్‌డ్రా అయిపో" అన్నారు. ఫెబీ సంతకం పెట్టేసింది. సీటు ఉంచమని, సెలవిమ్మని అడిగే హక్కు తనకుందని ఎవరూ చెప్పలేదు. ఈ శుక్రవారం దాటితే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

గర్భిణీ విద్యార్థినులకి వాళ్ళ హక్కులేమిటో కాలేజీలే తెలియజెప్పాలన్న బిల్లు ఆ రోజు శాసనసభ కమిటీ ముందుకొస్తోంది. ఎవరైనా మాట్లాడొచ్చు, మూడు నిమిషాలు.

"మమ్మీ, మూడు మినిట్సే. నువ్వు స్టార్ట్ చేస్తే ఆపవు," అంది ఫెబీ కార్‌లో.

"నేనెప్పుడు ఎక్కువ మాట్లాడానే?"

డ్రైవ్ చేస్తున్న ఏసుపాదం దగ్గాడు.

"మీ నాన్నకి జలుబు చేసినట్టుంది," అంది వసంతకుమారి.

తెలుగు చర్చిలో ఆమె సాక్ష్యం చెప్పడానికి లేస్తే గోడ గడియారం ఆగిపోతుంది. ఆమె కూర్చున్నాకే ముల్లు కదులుతుంది. ఎంతసేపు చెప్పినా కింద హాల్లో బిర్యానీ చల్లారదు గనక ఎవరూ ఏమీ అనుకోరు.

కమిటీ గదిలో ఆమె మైకు ముందు నిలబడి, అలవాటుకొద్దీ చేతులు జోడించి, "అందరికీ ప్రభువు నామంలో వందనాలు" అంది, తెలుగులోనే. ఆమెన్ కోసం ఆగింది. ఫెబీ తల దించేసుకుంది. వెనక వరసలోంచి ఏసుపాదం ఒక్కడే "ఆమెన్" అన్నాడు.

కమిటీ అధ్యక్షురాలు టైమర్ నొక్కింది. ఎర్ర అంకెలు మూడు నిమిషాల దగ్గరే నిలిచాయి. ఆవిడ వాటికేసి ఒకసారి చూసి, "చెప్పండి మేడమ్" అంది.

వసంతకుమారి ఇంగ్లీషులోకి మారి అంతా చెప్పింది. వాంతులు చేసుకుంటూనే ఫెబీ నరాల పేర్లు బట్టీ పట్టడం, కాలేజీ ఆఫీసులో కూర్చోమని కూడా అనకపోవడం, అన్నీ. "మా అమ్మాయికి పెళ్ళి కాలేదు. ఆ సంగతి నేను దేవుడితో తేల్చుకుంటాను. చదువు సంగతి మీరు తేల్చండి."

కిటికీలోంచి పడిన ఎండ పడిన చోటే ఉంది. కప్పుల్లో కాఫీ పొగలు కక్కుతూనే ఉంది.

అధ్యక్షురాలు కాలేజీ తరఫున వచ్చినాయన వైపు తిరిగింది. "ఆ హక్కుందని మీకు తెలుసా?"

ఆయన ఆశగా టైమర్ చూశాడు. అది కదల్లేదు. "తెలుసు."

"ఆ అమ్మాయికి చెప్పారా?"

"ఆమె అడగలేదు."

"తెలిస్తే కదా నాయనా, అడిగేది!" అంది వసంతకుమారి.

ఆయన మళ్ళీ టైమర్ చూశాడు. సమయం అయిపోయిందని చెప్పే దారి ఆయనకి లేదు. చివరికి, "సీటు ఆమెదే. రేపే క్లాసుకి రావచ్చు. డెలివరీకి సెలవిస్తాం," అన్నాడు.

"రేపా?" అని ఫెబీ లేచి నిలబడింది, ఏడుస్తూ, నవ్వుతూ.

వసంతకుమారి కూర్చుంది. అంకెలు కదిలాయి. బిల్లుకి ఒక్క వ్యతిరేక ఓటూ పడలేదు.

కొన్ని రోజుల తరవాత తెలిసింది: బిల్లు ఇంకా చట్టం కాకముందే ఆ కాలేజీ తన విద్యార్థినులకి ఈ హక్కుల గురించి చెప్పడం మొదలుపెట్టింది; ఫెబీలాగే సంతకం పెట్టి వెళ్ళిపోయిన మరో పదకొండు మంది తిరిగి క్లాసుల్లో చేరారు.