బైపీసీ దానివి

“అసలు వాళ్ళు నిన్ను తీసుకుంటారని ఎవరనుకున్నారు?” అన్నాడు కాలేబ్, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.

సెలిన్ అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. మస్కట్ అల్ ఖువైర్‌లో ఆసుపత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఇంకా కాళ్ళు చాపుకోలేదు. హైదరాబాదు యూనివర్సిటీ వాళ్ళ మెయిల్ దార్లోనే చూసుకుంది. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్‌లో సీటొచ్చింది. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసమని శుక్ర, శనివారాల్లో ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే కోర్సు అది. చేరుతున్నదీ లేనిదీ శనివారంలోగా చెప్పాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే మొగుడికి చెప్పింది. “ఓహో” అన్నాడు. ఆ ఓహో నుంచి తేరుకుని మాట్లాడటానికి ఇంతసేపు పట్టింది అతనికి.

“మరి అప్లై చేస్తానంటే సరేనన్నారుగా?”

“అన్నాను. ఇంటర్‌లో బైపీసీ దానివి, ఆ పైన నర్సింగు. పాలిటిక్స్ వాళ్ళు నీకెందుకిస్తారు సీటు? వాళ్ళే కాదంటే నీకే బుద్ధొస్తుంది, మధ్యలో నేనెందుకు చెడ్డవాణ్ణవడం అని ఊరుకున్నాను.”

ఎంత నిబ్బరంగా చెప్పాడో! సెలిన్ చొక్కా తిరగేసి రెండో చెయ్యి కూడా ఇస్త్రీ చేసింది. ఇంత మాట విన్నాక కూడా తన చెయ్యి ఆగలేదే అని ఆమెకి తన మీదే ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ వార్డులో కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పుకుంది, మా ఆయన చదువుకోమన్నారని. మలయాళీ సిస్టర్లు “నీ హస్బెండ్ మంచివాడు” అంటే మురిసిపోయింది. ఆ మురిపెంలో చేపల పులుసులు పెట్టింది, అతని అక్క సామ్రాజ్యం ఎన్ని మాటలన్నా నవ్వుతూ దులిపేసుకుంది. తీరా చూస్తే, ఓడిపోతుందని నమ్మకం కుదిరాకే పందెంలోకి వదిలాడన్నమాట.

గ్రూపు! మన దగ్గర పదిహేనేళ్ళప్పుడు తీసుకున్న గ్రూపు చచ్చేదాకా వదలదు. నరసాపురంలో పదో తరగతి చదివేటప్పుడు సెలిన్‌కి సివిక్స్ పాఠమంటే ప్రాణం. ఓటు ఎవరికుంది, ఎవరికి ఎప్పుడొచ్చింది, ఎందుకంత ఆలస్యమైంది అని మాస్టార్ని విసిగించేది. హెచ్ఈసీ తీసుకుంటానంటే నాన్న నెత్తి కొట్టుకున్నాడు. “మార్కులు రానోళ్ళు తీసుకునే గ్రూపే అది. బైపీసీ చదివి నర్సింగు చెయ్యి, గల్ఫెళ్ళొచ్చు” అన్నాడు. అన్నట్టే అయింది. ఆమె జీతం మీద తమ్ముడు ఇంజనీరయ్యాడు, చెల్లెలి పెళ్ళయింది. మస్కట్ వచ్చాక కాలేబ్‌కి అల్ మవాలేలో ట్రేడింగ్ కంపెనీ ఉద్యోగం వెతికిపెట్టింది కూడా ఆమే. అంత చేసినా, ఆమెకి ఏది ఇష్టమని ఆ తర్వాత ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అడిగింది ఒక్క యూనివర్సిటీ ఇంటర్వ్యూ మేడమే. భోజనం టైములో, నర్సులు బట్టలు మార్చుకునే గదిలో ఫోను గోడకానించి కూర్చుంది సెలిన్. ఆవిడ ఇంకా ఏమీ అడక్కముందే, “నాది నర్సింగండీ, పొలిటికల్ సైన్స్ ఏమీ చదవలేదు” అని నేరం ఒప్పుకున్నట్టు చెప్పేసింది.

ఆవిడ నవ్వింది. “పోయినేడాది మా బ్యాచ్‌లో పొలిటికల్ సైన్స్ చదివొచ్చినవాళ్ళు సగం కూడా లేరమ్మా. ఎకనామిక్స్ వాళ్ళున్నారు, హిస్టరీ, ఇంగ్లీషు లిటరేచర్ వాళ్ళున్నారు. ఇంజనీర్ల సంగతి చెప్పక్కర్లేదు, ఎక్కడ చూసినా వాళ్ళే. ఒక పళ్ళ డాక్టరు కూడా ఉంది. ఏం చదివొచ్చారన్నది వదిలెయ్యండి. ఏం తెలుసుకోవాలని వస్తున్నారో చెప్పండి.”

సెలిన్ అప్పుడు మల్లీశ్వరి సంగతి చెప్పింది. కడప మనిషి, ఒకరింట్లో పనిచేస్తుంది. కడుపునొప్పని ఎప్పుడు ఆసుపత్రికొచ్చినా పక్కన ఆ ఇంటి మేడమ్ ఉంటుంది. ఎక్కడ నొప్పి అని తెలుగులో మల్లీశ్వరినే అడిగినా, మేడమే జవాబు చెబుతుంది. నొప్పేం లేదు, తిండి పడటం లేదు, రెండు మాత్రలిస్తే చాలు అంటుంది. మల్లీశ్వరి నేల చూపులు చూస్తుంది. “ఒకరి నొప్పికి ఇంకొకరు జవాబు చెప్పే హక్కు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసుకోవాలనుందండీ” అంది సెలిన్. ఇంటర్వ్యూ మేడమ్ ఆ సంగతే ఇంకా ఇంకా అడిగింది. భోజనం డబ్బా మూత తియ్యకుండానే సెలిన్ మళ్ళీ డ్యూటీకి పరిగెత్తింది. ఆకలేయలేదు కూడా.

ఇవన్నీ కాలేబ్‌కి చెబుదామనే అనుకుంది. అతను టీవీ సౌండు కాస్త తగ్గించి, “క్లాసులు శుక్రవారం పొద్దున్నా? మరి ఆరాధనో? శనివారం పిల్లల చదువులు? నీ డ్యూటీలకే ఇల్లు అస్తవ్యస్తంగా ఉంటోంది. నేను వద్దనట్లేదు సెలిన్. ప్రార్థనలో పెడదాం. దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా” అన్నాడు.

వద్దని అతను ఎప్పుడూ అనడు. పక్కవాళ్ళ చేత అనిపిస్తాడు. మొన్న ఆ పని యూనివర్సిటీ మీద పెట్టాడు, ఈసారి దేవుడి మీద పెట్టాడు.

శుక్రవారం వచ్చింది. రూవిలో తెలుగు క్రైస్తవ సంఘానికి పొద్దుటిపూట ఒక హాలు ఇస్తారు. ఈ దేశంలో శుక్రవారమే సెలవు కాబట్టి ఆదివారం ఆరాధన ఇక్కడ శుక్రవారమే. అయ్యాక అందరికీ భోజనం. అన్నం, కూర వంతులేసుకుని వండుతారు గానీ చారు మాత్రం ఎప్పుడూ సెలిన్‌దే. “సెలిన్ చారు పెడితే ఇంకెవరూ పెట్టక్కర్లేదు” అని ఎప్పుడో సామ్రాజ్యం పొగిడింది, ఆ పొగడ్త అప్పట్నుంచీ మెడకి చుట్టుకుంది. ఆ రోజు కూడా కారు దిగి కాలేబ్ బైబిలు పట్టుకుని ముందు నడిచాడు, ఆమె చారు గిన్నె మోసుకుంటూ వెనక మెట్లెక్కింది.

పాటలయ్యాయి, వాక్యం చెప్పడమైంది. ప్రార్థన అంశాలు చెప్పమని పాస్టరు అయ్యగారు అడిగారు. ఒకరు వీసా కోసం, ఒకరు ఊళ్ళో అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ కోసం చెప్పారు. కాలేబ్ లేచి నిలబడ్డాడు.

“మా ఇంట్లో ఒక భారం ఉందయ్యగారూ. సెలిన్‌కి ఈ వయసులో పాలిటిక్స్ చదవాలని కోరిక పుట్టింది. సీటు కూడా వచ్చింది. పిల్లలు, ఇల్లు, సంఘం... ఆమె మనసు గలిబిలిగా ఉంది. ప్రభువు మంచి ఆలోచన ఇయ్యాలని ప్రార్థన చెయ్యండి.”

వరసలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగి సెలిన్ వైపు చూశాయి. ఎవరో జాలిగా చప్పరించారు. “ముందుకి రామ్మా” అన్నారు అయ్యగారు. ఇక్కడ ఆనవాయితీ అది, ఎవరి కోసం ప్రార్థనో వాళ్ళు ముందు మోకరించాలి, ఆడవాళ్ళు వచ్చి తల మీదా భుజాల మీదా చేతులుంచుతారు. సెలిన్ మోకరించింది. సామ్రాజ్యం చెయ్యి అందరికంటే బరువుగా దిగింది నడినెత్తిన. ఈ సహోదరికి నెమ్మది దయచెయ్యమన్నారు, ఇల్లు చక్కబెట్టుకునే మనసు దయచెయ్యమన్నారు, లోకాశల నుంచి తప్పించమన్నారు. ఇన్ని గొంతులు తన కోసం దేవుణ్ణి అడుగుతుంటే, తనకేం కావాలో ఒక్కరూ తనని అడగలేదు. కళ్ళు మూసుకుని ఉంటే మల్లీశ్వరి కనిపించింది, నేల చూపులు చూస్తూ. సెలిన్‌కి వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఏడుపు కాదు, కోపం. ఇన్నేళ్ళుగా దిగమింగిన కోపం.

ప్రార్థన ముగిసింది. అందరూ ఆమేన్ అన్నారు. ప్రార్థన చేయించుకున్నవాళ్ళు చివర్లో విడిగా ఒకసారి అనాలి. హాలంతా ఎదురుచూసింది.

“సెలినమ్మా?” అన్నారు అయ్యగారు.

సెలిన్ చేతులన్నీ పక్కకి తప్పించుకుని లేచి నిలబడింది.

“నా మనసు గలిబిలిగా లేదండీ అయ్యగారూ. ఆయన చెప్పారు, మీరు నమ్మారు. నన్ను అడిగుంటే నేనే చెప్పేదాన్ని.” కాలేబ్ వైపు ఒకసారి చూసి మళ్ళీ అయ్యగారి వైపు తిరిగింది. “నేను చేరుతున్నాను. వచ్చే నెల నుంచి శుక్రవారాలు నాకు క్లాసులు. ప్రార్థన చేస్తే, బాగా చదవాలని చెయ్యండి.”

కాలేబ్ మొహం నల్లబడింది. కూర్చోవాలో నిలబడాలో తెలియక బైబిలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. సామ్రాజ్యం ఉండబట్టలేక అడిగేసింది.

“అది సరేగానీ అమ్మాయ్, మరి శుక్రవారాలు చారెవరు పెడతారు?”

“మీ తమ్ముడు పెడతారు వదినా” అంది సెలిన్. “చారు పెట్టడానికి ఏ గ్రూపు చదివారని ఎవరూ అడగరు.”