రెండో నుదురు

భోజనాల గంట మోగి పది నిమిషాలయింది. రంగులక్క తన అన్నం డబ్బా మూత ఇంకా తీయలేదు. ఎదుటి అద్దంలో జరుగుతున్న పనిని చూస్తూ కూర్చుంది.

అద్దం ముందు కుర్చీలో ఆకుపచ్చాయన ఉన్నాడు. ‘ఏడో కక్ష్య’ అనే టీవీ ధారావాహికలో పరాయి గ్రహం నుంచి వచ్చిన దూత వేషం ఆయనది. ఆరేళ్లుగా ఆ ముఖాన్ని తయారు చేస్తున్నది రంగులక్క. చర్మాన్ని తుడిచి, పలచని అడుగుపూత వేసి, అది ఆరేదాకా ఆగి, దానిమీద బంక రాసి, మూడు మిట్టలున్న రబ్బరు నుదురు అతికించి, ఆపైన ఆకుపచ్చ రంగు వేస్తుంది. రెండున్నర గంటల పని, రోజుకు తొమ్మిది వందలు. ధారావాహిక చివర పరుగెత్తే పేర్లలో ఆమె పేరు ఏనాడూ లేదు. మేకప్ విభాగానికి ఒక పెద్ద ఉన్నాడు, పేరు అతనిది ఉంటుంది. అతను ఈ గదిలో అడుగుపెట్టి ఏడాది దాటింది.

ఇవాళ ఆ నుదుటి మీద ఉన్న చేతులు ఆమెవి కావు, ఆమె తోడికోడలివి.

రెండు నెలల క్రితం చానెల్ ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. వారానికొకసారి వచ్చే కథను ప్రేక్షకుడు మధ్య రోజుల్లో మరిచిపోకుండా, ఆరేసి నిమిషాల వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టసాగింది. దూత పడుచువాడుగా ఎలా ఉండేవాడు, నౌక ఎక్కకముందు ఎవరిని పోగొట్టుకున్నాడు, టీవీలో చెప్పని ఆ కథంతా అక్కడ వస్తుంది. అదే సెట్టు, అదే దుస్తులు, అదే నటుడు. సెట్టు ఖాళీగా ఉండేది భోజన విరామంలోనే కనుక చిత్రీకరణ కూడా అప్పుడే. పడుచు దూతకు నుదుట ఒకే మిట్ట. ఇన్నాళ్లూ ఆకుపచ్చాయనకు టీవీ పని లేని రోజులు చూసుకుని తీశారు. ఈ వారం అలాంటి రోజు దొరకలేదు. ఒకే రోజు రెండు నుదుర్లు అతికించడం ఇదే మొదటిసారి.

ఈ వీడియోల పనికి షూటింగు ఏర్పాట్లు చూసే మేనేజరు తోడికోడల్ని ఎంచుకున్నాడు. మూడేళ్ల క్రితం ఆమెను ఈ గదికి తెచ్చింది, కుంచె పట్టడం నేర్పింది రంగులక్కే.

మొదటి వీడియో వచ్చిన రోజు అత్తగారు ఫోను పట్టుకుని చుట్టుపక్కల వాటాలన్నీ తిరిగింది. “మా చిన్నకోడలి పేరు చూడండి! ఎంత నిదానంగా వెళ్తోందో, కూడబలుక్కుని చదువుకోవచ్చు.” తర్వాత వంటింట్లోకి వచ్చి, “నీదెప్పుడొస్తుందే? దానికి నేర్పింది నువ్వేగా?” అని అడిగింది. ఆ మాటలో దెప్పు లేదు. అందుకే అది మరింత లోతుగా దిగింది.

ఆనాటి నుంచి రంగులక్క తనకు పరిచయం లేని ఒక మనిషితో కలిసి బతుకుతోంది. ఆ మనిషి తన లోపలే ఉంది. చిన్నామె కాళ్లకు కొత్త చెప్పులు కనపడగానే, వీడియో డబ్బులు అనుకున్నది ఆ మనిషే. చిన్నామె నవ్వితే ఎందుకు నవ్విందని లోపల ఆరా తీసింది.

“అమ్మాయ్, నా పడుచుదనాన్ని పది నిమిషాల్లో తెప్పిస్తున్నావు,” అన్నాడు ఆకుపచ్చాయన. “మా ఆవిడకి మాత్రం చెప్పకు. రోజూ తెమ్మంటుంది.”

“కదలకండి బాబాయ్. మీ పడుచుదనం వంకర పోతుంది.”

చిన్నామె నూనె కుంచెతో అంచులు వదులు చేసి మూడు మిట్టల నుదురును ఊడదీసింది. గుడ్డతో తుడిచింది. గోడ గడియారం వైపు చూసింది. బంక సీసా అందుకుంది.

రంగులక్క నోరు తెరిచింది.

నూనెతో తుడిచినప్పుడు చర్మాన్ని బంక నుంచి కాపాడే అడుగుపూత కూడా పోతుంది. పొద్దున వేశాం కదా, ఉంటుందిలే అనుకోవడం సహజం. రోజుకు రెండు నుదుర్లు మార్చే అవసరం ఇంతకుముందు రాలేదు కనుక ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పలేదు. పూత మళ్లీ వేస్తే ఆరడానికి పది నిమిషాలు కావాలి. ఈ గంటలో ఆ పది నిమిషాలు లేవు. అయినా ‘పూత’ అన్న ఒక్క మాట అంటే చాలు. ఈలోగా చిన్నామె ఒంటి మిట్ట నుదురు అతికించేసింది.

“అక్కా, ఇటు చూడవూ. అంచేమైనా కనపడుతోందా?”

“లేదు. బాగుంది,” అంది రంగులక్క.

చిత్రీకరణ అరగంటలో ముగిసింది. ఆకుపచ్చాయన వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. చిన్నామె నూనె రాసి, అంచు పట్టుకుని లాగింది. తడి కాగితం చిరిగినట్టు సన్నని చప్పుడయింది. ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. రబ్బరు వెనక బొటనవేలంత మేర చర్మం అంటుకుని వచ్చింది.

“పొద్దున పూత వేశాంగా అక్కా! వేశాంగా!” చిన్నామె గుడ్డ తీసి ఆయన చేతికిచ్చింది.

మేనేజరు వచ్చాడు. గాయాన్ని చూశాడు, ఆ తర్వాత గడియారాన్ని చూశాడు. “రేపు మిగతా సగం తియ్యాలి. శుక్రవారం పెట్టకపోతే పైవాళ్లు నా ప్రాణం తీస్తారు. దెబ్బ మీద రంగు నిలుస్తుందిగా?” చిన్నామెతో, “నువ్వు పక్కన ఉండు,” అన్నాడు. రంగులక్క ముందు ఒక కాగితం పెట్టాడు. “ఇక నువ్వే చెయ్యక్కా. పేరు మొట్టమొదట నీదే. తెర నిండా నీదొక్కటే వేయిస్తా.”

ఆరేళ్లుగా కోరుకున్నది ఒక వాక్యంలో వచ్చింది. ఆమె కాగితం చదివింది. ‘ప్రచార నిమిత్తం, స్వచ్ఛందంగా, ప్రతిఫలం ఆశించకుండా’ అని ఉంది.

“కూలి ఎంత?”

“ప్రచారానికి కూలేంటక్కా? టీవీలో వచ్చేదే ప్రోగ్రాం. ఇది దానికి ప్రకటన.”

“మరి ఈ వీడియోల మధ్య సబ్బులూ బండ్లూ వస్తున్నాయే?” ఆకుపచ్చాయన నుదుటి మీద గుడ్డ అదిమి పట్టుకునే అన్నాడు. “ప్రకటనకి మళ్లీ ప్రకటనలా నాయనా?”

రంగులక్క తోడికోడలి వైపు తిరిగింది. “నీకేమిస్తున్నారే?”

“పేరు.”

“ఇంకా?”

“అంతే.”

“మరి ఆ చెప్పులు?”

“ఏ చెప్పులు? ఇవా? మా అమ్మ కొనిచ్చింది.”

“ఇంట్లో ఒక్క మాటైనా చెప్పలేదేం?”

“ఊరికే చేస్తున్నానంటే నవ్వరూ?” చిన్నామె తల దించుకుంది. “నేను వద్దంటే నువ్వు చేస్తానన్నావట. ఎప్పట్నుంచో అడుగుతున్నావట. ఈ మేనేజరే చెప్పాడు.”

రంగులక్క ఎన్నడూ అడగలేదు.

రెండు నెలలు తన అసూయ ఎక్కడెక్కడ తిరిగిందో ఆమె వెనక్కి చూసుకుంది. అది తోడికోడలి చెప్పుల దాకా వెళ్లింది, నవ్వు దాకా వెళ్లింది. ఈ గదికి రాకుండానే తన పేరు వేయించుకునే పెద్దమనిషి దాకా ఒక్కసారీ వెళ్లలేదు. పక్కకు చూసినంత బాగా ఆ చూపు పైకి చూడలేకపోయింది. అలాంటి చూపు తనలో ఉందని తనకన్నా ముందు ఈ మేనేజరుకు తెలిసింది. దాంతోనే పని చేయించుకున్నాడు. అయినా నోరు మూసుకోమని అతను చెప్పలేదు. అది తను చేసిన పని.

“నేను చూశాను,” అంది ఆమె. “నువ్వు పూత వెయ్యకుండా బంక రాయడం చూశాను. చూసి ఊరుకున్నాను. బాగుందని కూడా అన్నాను.”

ఆకుపచ్చాయన అద్దంలోంచి ఆమెను చూశాడు.

“అవన్నీ మీ ఇంటి గొడవలు,” అన్నాడు మేనేజరు. “సంతకం చెయ్యి.”

“చెయ్యను. ఈ గంట మా తిండి గంట. పూత ఆరేదాకా ఆగి నుదురు మార్చాలంటే ఈ గంట చాలదు. ఇంకో గంటివ్వు, దానికి కూలివ్వు. అంతవరకూ చెయ్యను.”

“నువ్వు కాకపోతే ఇంకొకరు.”

“ఆ ఇంకొకరు ఇదిగో, ఇక్కడే ఉంది. అడుగు.”

మేనేజరు కాగితాన్ని చిన్నామె వైపు జరిపాడు. జేబులోంచి పెన్ను తీసి దానిమీద పెట్టాడు.

గంట మోగింది. భోజన విరామం అయిపోయింది. బయట సెట్టు మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. రంగులక్క అప్పుడు తన డబ్బా మూత తీసింది. అన్నంలో సగం మూతలోకి తీసి, కాగితం పక్కన చిన్నామెకు పెట్టింది.

చిన్నామె పెన్ను వైపు చూడలేదు, మూత వైపూ చూడలేదు. రంగులక్క ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆమె వేళ్లకు బంక ఇంకా అంటుకునే ఉంది.