సీలు చెదరని పొట్లం

ఆ పొట్లం విప్పితే వెంకటేశం ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది.

పటాన్‌చెరులోని ఓ తలనొప్పి బామ్ ఫ్యాక్టరీకి అతను గేటు గార్డు. అనుమానం ఎక్కువ, అదృష్టం తక్కువ. ఒకసారి ఆడిటర్ గారి హోమియో మాత్రలను దొంగసరుకని పట్టుకున్నాడు. మరోసారి సాక్షాత్తూ మేనేజర్ మురళీమోహన్ సంచిలోని పంచదారను పట్టుకున్నాడు. ఇంకొక్క పొరపాటు జరిగితే ఇంటికేనని మేనేజర్ తేల్చి చెప్పాడు.

మే నెల మొదట్లో ప్యాకింగ్ మేస్త్రీ రాజశేఖర్ టిఫిన్ డబ్బా అడుగున అగ్గిపెట్టెంత తెల్లటి ముక్క దొరికింది. కర్పూరం అన్నాడు వెంకటేశం. పటిక అన్నాడు రాజశేఖర్, తడుముకోకుండా. కొత్తింటి గుమ్మానికి దిష్టి తగలకుండా కట్టడానికట. వాసన చూసి తేల్చే వీల్లేదు. ఆ ఫ్యాక్టరీలో క్యాంటీన్ మజ్జిగ కూడా కర్పూరం వాసనే వేస్తుంది.

మేనేజర్ కూతురి పెళ్లికని మూడు వారాల సెలవులో ఉన్నాడు. తను వచ్చాకే విచారణ, అందాకా సీలేసి ఉంచండని ఫోన్లో చెప్పాడు. ముక్కను కాగితంలో చుట్టి లక్క సీలు వేశారు. దాని మీద 'నా పటిక' అని రాసి, రాజశేఖర్ సంతోషంగా సంతకం చేశాడు. వెంకటేశం ఆ పొట్లాన్ని గేటు పక్క రేకుల గదిలో ఇనుప బీరువాలో పెట్టి తాళమేశాడు. మిట్టమధ్యాహ్నం ఆ గదిలో గార్డులే ఉడికిపోతారు.

విచారణ రోజు మురళీమోహన్ పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. సీలు చెక్కుచెదరలేదని, సంతకం తనదేనని రాజశేఖరే ముందుగా ఒప్పుకున్నాడు. మేనేజర్ విప్పాడు.

లోపల ఏమీ లేదు.

వెంకటేశం కాగితం దులిపాడు, తిరగేశాడు, బల్ల కింద వెతికాడు. రాజశేఖర్ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు.

"గుమ్మానికి ఇప్పుడేం కట్టాలె కాకా? నిన్నా?" అన్నాడు జాలిగా.

మేనేజర్ కలం తీసి, వెంకటేశాన్ని పనిలోంచి తీసేసే ఉత్తర్వు రాయసాగాడు. ఉద్యోగం పోయే ముందు ల్యాబ్ మేడం నిషితను ఒక్కసారి పిలిపించమని వెంకటేశం బతిమాలాడు. ఆమె వచ్చి, సీలు చూసి, పొట్లం ఎక్కడ దాచారో అడిగి, నవ్వింది.

"సబ్లైమ్ అయింది సార్."

ఆ మాటను బామ్ డబ్బా మీద 'సబ్లైమ్ సువాసన' అని అచ్చేయించిందే మురళీమోహన్. "గొప్పగా అయిందంటావా?" అన్నాడు అయోమయంగా.

కాదంది నిషిత. కర్పూరం కరిగి నీరు కాకుండానే నేరుగా గాలిలో కలిసిపోతుందని, ఆ రేకుల గది వేడికి మూడు వారాలు ఎక్కువేనని, కాగితం దాన్ని ఆపలేదని వివరించింది.

కర్పూరం సంగతి తనకెందుకు, తనది పటిక కదా అన్నాడు రాజశేఖర్.

"పటికైతే ఏడాదైనా గట్లనే ఉంటది," అంది నిషిత. "సీలు చెదరలే, మీ సంతకం చెదరలే. మాయమైంది కాబట్టే అది కర్పూరం."

మురళీమోహన్ ఉత్తర్వులో పేరు కొట్టేసి, ఇంకో పేరు రాశాడు.

రాజశేఖర్‌ను గేటు దాకా సాగనంపే పని వెంకటేశానిదే అయింది. సగం దారిలో రాజశేఖర్ ఆగిపోయాడు.

"ఉన్నది ఉన్నట్టు కర్పూరమే అనుంటే అయిపోతుండె కాకా. దేవునికని ఇంటికాడికెంచి తెచ్చుకున్న అంటే ఎవడు కాదంటడు?"

వెంకటేశం ఒక్క క్షణం ఆలోచించాడు. అలా అనుంటే పోయేది తన ఉద్యోగమే.

"జల్దీ నడువు," అని గేటు బార్లా తెరిచాడు.