తేదీ లేని పిల్ల

నాకు కోపం ఎక్కువని మా సంఘంలో ఏ చిన్నపిల్లని అడిగినా చెప్తుంది. ఉన్నమాటే, కాదనను. కానీ ఆ ఆదివారం పొద్దున్న పాలకాయతిప్ప ఇసకలో నేను గొంతు చించుకుని అరిచానంటే దానికి కారణం ఉంది. ఆ కారణం పేరు నతానియేలు. మా అన్నయ్య.

మా అన్నయ్య గుడివాడలో సంఘ పెద్ద. బందరు వాళ్లయినా, కృత్తివెన్ను వాళ్లయినా, దివిసీమ వాళ్లయినా, మా సంఘాల్లో ఎవరు బాప్తిస్మం తీసుకోవాలన్నా ముందు ఆయన ఎదట నిలబడి సాక్ష్యం చెప్పాలి. పెద్ద ఉపన్యాసం ఏం కాదులెండి. నువ్వు పాపివని ఎలా తెలిసింది, యేసుప్రభువుని ఎలా నమ్ముకున్నావు, ఏ తేదీన రక్షణ పొందావు, అంతే. ఆ తేదీ దగ్గరే ఆయన పట్టు. "పుట్టినవాడికి పుట్టినరోజు ఉంటే తిరిగి పుట్టినవాడికి ఉండదా?" అంటాడు. తనది డిసెంబరు పదకొండు. ఏటా ఆ రోజు సంఘమంతటికీ కేకు కోసి పెడతాడు. తల్లి కన్న పుట్టినరోజు నాడు మాత్రం ఎవరికీ గుక్కెడు టీ కూడా పొయ్యడు.

ఈసారి నిలబడాల్సింది నా కూతురు ప్రీతి. బందర్లో డిగ్రీ చదువుతోంది. మా సంఘంలో పసిపిల్లల నెత్తిన నీళ్లు చల్లే పద్ధతి లేదండీ. తెలివొచ్చాక తనంతట తాను నమ్మి, నోరు తెరిచి అడిగి, నిండా మునగాలి. మునిగితే రక్షణ రాదు, రక్షణ వచ్చినవాళ్లే మునుగుతారు. అది అయ్యాకే ప్రభు బల్ల దగ్గర రొట్టె ముట్టనిస్తారు. ఆదివారం ఆదివారం ఆ రొట్టె పళ్లెం తన ముందు నుంచి పక్కవాళ్లకి వెళ్లిపోతుంటే నా పిల్ల దాని వంక చూసే చూపు నాకు తెలుసు. ఏడాదిగా ఒకటే మాట, "అమ్మా, నేనూ అడుగుతాను, నేనూ అడుగుతాను" అని. నాకూ పట్టరాని సంతోషం. కోనేరు సెంటరు దగ్గర నాది టైలరింగ్ షాపు. మునిగేవాళ్లందరి తెల్లగౌన్లూ నేనే కుట్టాను, ప్రీతిది మాత్రం రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టాను.

తెల్లారకముందే వ్యానెక్కాం. వ్యానంతా పాటలే పాటలు. చల్లపల్లి దాటాక పాటల సందులో నేను ప్రీతి చెవి దగ్గర చేరాను.

"అడిగితే ఏం చెప్తావు?"

"మళ్లీనా అమ్మా?"

"చెప్పవే!"

"గుడివాడ మీటింగులు. ఫిబ్రవరిలో. ఆఖరి రోజు."

"ప్రసంగం వింటూ వెక్కి వెక్కి ఏడ్చానని కూడా చెప్పు."

"ఆ రోజు నేను నీ భుజం మీద పడి నిద్రపోయానమ్మా. గురక పెడుతున్నానని నువ్వే గిల్లావు."

"నిద్రపోయే ముందు విన్నావుగా! విన్నదానివి నమ్మలేదా? నమ్మితే అది తేదీ కాదా?" అన్నాను. నాకు తప్పనిపించలేదు మరి. బడిలో చేర్చేటప్పుడు ఏదో ఒక తేదీ వెయ్యమా? అలాగే అనుకున్నాను. మా ఆయన ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని నిద్ర నటిస్తున్నాడు. ఇలాంటప్పుడు ఆయనకి భలే నిద్ర వస్తుంది.

వెనక సీట్లోంచి మా అమ్మ రావమ్మ తల ముందుకి పెట్టింది. పళ్లు ఊడాయి గానీ ఆవిడవి పాము చెవులు. "ఏంటే ఆ గుసగుసలు?" అంది.

"ఏం లేదులే అమ్మా, పాట పాడు" అన్నాను.

పాలకాయతిప్పలో దిగేసరికి గాలి మమ్మల్ని తోసేస్తోంది. కృష్ణమ్మ వెళ్లి సముద్రంలో పడే చోటు కదా, నీళ్లు ఒకపక్క మట్టి రంగు, ఒకపక్క నీలం. గుడివాడ వాళ్ల బస్సు అప్పటికే వచ్చేసింది. కంజీరాలు మోగుతున్నాయి, చప్పట్లు, కేకలు, పిల్లలు ఇసకలో పరుగులు. వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన మా అన్నయ్య దగ్గరికి వచ్చి, "పోటు మొదలవుతుందండీ. తొందరగా కానిచ్చుకోండి, తర్వాత లోపలికి దిగనివ్వను" అని చెప్పి వెళ్లాడు.

అందుకని సాక్ష్యాలు గబగబా మొదలెట్టారు. ముందు వరుణ్. కృత్తివెన్నులో రొయ్యల చెరువు చేస్తాడు. అబ్బ, ఏం సాక్ష్యం అండీ అది! తాగి చెరువులో పడ్డాడట. బురదలో కాళ్లు కూరుకుపోయి నీళ్లు ముక్కుదాకా వచ్చాక, "ప్రభువా, నన్ను లాగితే ఇక నీ మనిషినే" అని కేక పెట్టాడట. కాలికి గట్టు తగిలిందట. "మే నెల ఇరవై మూడు!" అన్నాడు ఛాతీ విరుచుకుని. జనం స్తోత్రం స్తోత్రం అని ఒకటే అరుపులు. నేనూ అరిచాను. అరుస్తూనే, అయ్యో, దీని తర్వాత నా పిల్ల నిద్రపోయిన మీటింగు ఏం ఆనుతుంది అని దిగులు పడ్డాను.

"ప్రీతీ, రా అమ్మా" అన్నాడు అన్నయ్య. మేనకోడలంటే ఆయనకి ప్రాణం. కానీ సంఘ పెద్దగా కూర్చుంటే ప్రాణమూ లేదు, పానకమూ లేదు. "నువ్వు పాపివని ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నాను మావయ్యా."

"ఊరికే అంటే కాదు. విశ్వాసుల ఇంట్లో పుడితే అందరూ అనేస్తారు ఆ మాట. సోడా కొట్టులో పుట్టినంత మాత్రాన ఎవడూ సోడా అయిపోడు. నీ పాపం ఏంటి?"

ప్రీతి తల దించుకుంది. "ఇందాక వరుణన్న చెప్తుంటే కుళ్లుకున్నాను. నాకూ అలాంటి కథ ఉంటే బాగుండేది, అందరూ నాకూ చప్పట్లు కొడతారు కదా అని. వ్యాన్లో ఒక అబద్ధం కూడా ప్రాక్టీసు చేశాను. ఆ అబద్ధమే చెప్పేద్దామని ఇక్కడిదాకా వచ్చాను."

మా ఆయన మొహం తువ్వాల్లో దాచేసుకున్నాడు.

"ఏం అబద్ధం?" అన్నాడు అన్నయ్య.

"తేదీ. నాకు తేదీ లేదు మావయ్యా. ప్రభువుని నమ్మని రోజు నాకొకటి గుర్తుంటే కదా, నమ్మిన రోజు ఏదో చెప్పడానికి? చిన్నప్పుడు చీకట్లో భయమేస్తే ఆయన్నే పిలిచేదాన్ని. ఇప్పుడు కాలేజీకి నడుస్తూ ఆయనతోనే మాట్లాడతాను. తప్పు చేస్తే ఆయన దగ్గరే ఏడుస్తాను. నా కోసం సిలువ మీద చచ్చిపోయాడు, లేచాడు, మళ్లీ వస్తాడు. నా మంచితనం చూసి కాదు, ఆయన జాలి చూపించి నన్ను తీసుకుంటాడు. ఇదంతా నమ్ముతున్నాను. ఎప్పుడు మొదలైందంటే మాత్రం నాకు తెలీదు."

ఒక్క చెయ్యి కూడా చప్పట్లు కొట్టలేదు. మా అన్నయ్య గడ్డం రుద్దుకున్నాడు. "నిజం చెప్పావు, మంచిదే. కానీ తేదీ తేలకుండా ఎవర్నీ దించలేదమ్మా ఇప్పటిదాకా. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

అప్పుడు నా పిల్ల ఒక మాట అడిగింది. ఆ గొంతు వింటే రాయి కూడా కరుగుతుంది. "బాప్తిస్మం సంగతి వదిలెయ్ మావయ్యా. నేను ఆయనదాన్ని కానంటావా?"

సంఘంలో ఏ ప్రశ్నకైనా తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి, సముద్రం వంక చూశాడు. నా పిల్ల కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఇన్నాళ్లూ లేని అనుమానం ఆ క్షణంలో దాని మొహంలోకి రావడం నేను కళ్లారా చూశాను. ఇక నా వల్ల కాలేదు.

"ఏంటి అన్నయ్యా నీ పెత్తనం!" అని అరిచాను. "తాగినవాడికి తేదీ ఉంటుంది, తాగని దానికి ఎక్కణ్నుంచి తెస్తాం? వచ్చే ఏడాదిలోగా దీన్ని కూడా తాగించి చెరువులో పడెయ్యమంటావా? అబద్ధం నేర్పింది నేను! నన్ను ఆపు! ఆ పిల్లని ఎందుకు ఆపుతావు?"

"పూర్ణిమా! ఇది సంఘం. నీ షాపు కాదు."

"సంఘమైతే? నా కూతురు అడిగినదానికి జవాబు చెప్పు ముందు!"

జనంలో గలాటా మొదలైంది. కొందరు అన్నయ్య చెప్పిందే న్యాయం అంటున్నారు, కొందరు పాపం పిల్ల అంటున్నారు. ఈలోగా మా అమ్మ మనవరాలి భుజం పట్టుకుని ఇసకలో కాళ్లీడ్చుకుంటూ మధ్యకి వచ్చేసింది.

"ఒరేయ్ నతానీ, డిసెంబరు పదకొండుకి కేకు కోస్తావు కదా. ఆ తర్వాత ఎండాకాలంలో పేకాట క్లబ్బు మెట్ల మీద నుంచి నీ చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చింది ఎవర్రా?"

గుడివాడ వాళ్లు కిసుక్కుమన్నారు. అన్నయ్య మొహం కందగడ్డ అయిపోయింది. "అమ్మా, అవన్నీ ఇప్పుడెందుకు? రక్షణ వేరు, నడవడి మారడం వేరు."

"వేరో ఒకటో నాకు తెలీదు. నీతో వాదించేంత చదువు నాకు లేదు. నేను చూసింది చెప్తున్నాను."

"సరే, మరి నేను ఎప్పుడు మారానో నువ్వే చెప్పు" అన్నాడు ఉక్రోషంగా.

మా అమ్మ కొడుకు వైపు ఇంకో అడుగు వేసింది. "ఏమోరా. నాకూ తెలీదు. పేకాట రోజుల్లో నువ్వు అన్నం తినేవాడివి కాదు, మింగేవాడివి. ముద్ద గొంతులో ఉండగానే చెప్పులేసుకునేవాడివి. ఒకరోజు పప్పన్నం పెట్టి చూస్తున్నాను. నెమ్మదిగా నములుతున్నావు. చారు అడిగి పోయించుకున్నావు. తిన్నాక అక్కడే కూర్చుని నాతో కబుర్లు చెప్పావు. అయ్యో, వీడు ఎప్పుడో మారిపోయాడే, నేను చూసుకోనే లేదే అనుకున్నా. వంటింట్లోకి వెళ్లి ఏడ్చానురా. ఆ రోజు ఏ వారమో కూడా గుర్తు లేదు నాకు."

మా అన్నయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు, అద్దాలు శుభ్రంగానే ఉన్నా సరే. ఇంట్లో ఒక్కనాడూ ఈ మాట మా అమ్మ మా ఇద్దరికీ చెప్పలేదు.

"అయ్యగారూ, నీళ్లు ఎక్కుతున్నాయి!" అని వలల పెద్దాయన అరిచాడు.

అన్నయ్య కళ్లజోడు నా చేతిలో పెట్టాడు. "పదండి" అని నీళ్లలోకి నడిచాడు. ఎవరెవరు రావాలో చెప్పలేదు. వరుణ్ వెళ్లాడు, వెనక ఇంకా నలుగురైదుగురు వెళ్లారు. ప్రీతి కదల్లేదు. తెల్లగౌను గాలికి కాళ్లకి చుట్టుకుంటుంటే అక్కడే నిలబడిపోయింది. నడుంలోతు నీళ్లలోంచి ఆయన వెనక్కి తిరిగి, "ఏమ్మా, నీకు వేరే పిలవాలా?" అన్నాడు.

అంతే! నా పిల్ల పరుగో పరుగు! జనం కెవ్వున కేక! కంజీరా వాయించేవాడు వాయిస్తూ వాయిస్తూ తనే నీళ్లలో పడ్డాడు.

మా అన్నయ్యకి ఒక అలవాటు ఉంది. ముంచే ముందు ఒడ్డుకి వినపడేలా ఆ మనిషి తేదీ చాటుతాడు. "మే నెల ఇరవై మూడున ప్రభువు రక్షించిన మా సహోదరుడు వరుణ్!" అన్నాడు, ముంచాడు, లేపాడు. ఒడ్డంతా స్తోత్రం. అలాగే ఒక్కొక్కరినీ. ఆఖర్న ప్రీతి చెయ్యి పట్టుకున్నాడు. అలవాటు ప్రకారం ఒడ్డు వైపు తిరిగి నోరు తెరిచాడు. చాటడానికి తేదీ లేదు. అల ఒకటి వచ్చి ఇద్దర్నీ ఊపేసి పోయింది. నేను చీర తడుస్తుందని కూడా చూసుకోకుండా మోకాళ్లలోతుకి దిగిపోయాను. ఇప్పుడు గనక ఆపాడో, అన్నా లేదు, పెద్దా లేదు!

"నా మేనకోడలు ప్రీతి!" అని అరిచాడు. "ఎప్పట్నుంచో నాకు తెలీదు! దానికీ తెలీదు! కానీ ఈ పిల్ల ఆయనదే! ఆయనదే!"

ముంచాడు. తెల్లగౌను మొత్తం నీళ్లలోకి వెళ్లిపోయింది. లేపాడు. అమ్మో, ఆ ఒడ్డు మీద లేచిన కేకకి వలల పెద్దాయన కూడా చేతులు పైకెత్తాడు! మా ఆయన ఏడుస్తున్నాడు, మా అమ్మ ఎగురుతోంది, నేను ఏం అరుస్తున్నానో నాకే తెలీదు.

నా కూతురు మొహం మీది నీళ్లు తుడుచుకుని కళ్లు తెరిచింది. నా వంక చూడలేదు. మావయ్య రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"మళ్లీ చెప్పు మావయ్యా" అంది.

ఆయన మళ్లీ చెప్పాడు.