మొట్టమొదట ఎవరి ముఖం

నీళ్ళు మోచేతుల మీదుగా జారుతున్నాయి.

చల్లగా. సన్నగా. సబ్బు వాసనతో.

ఆపరేషన్‌కు ముందు చేతులు కడుక్కునే ఆ అయిదు నిమిషాలూ డాక్టరమ్మ ఎవరితోనూ మాట్లాడదు. పెదవులు మాత్రం కదులుతాయి. ఇరవై ఏళ్ళుగా అదే మాట —

ఇవి నీ చేతులు ప్రభువా. నావి కావు.

ఆ ఉదయం కూడా అంది. అందే గాని... మనసు అక్కడ లేదు. అప్పుడే రేపటిలోకి వెళ్ళిపోయింది. రేపటి హాల్లోకి, రేపటి కెమెరా ముందుకి, రేపటి చప్పట్లలోకి.

లోపల బల్ల మీద మేస్త్రీ పడుకుని ఉన్నాడు.

తాపీ మేస్త్రీ. ఏడేళ్ళ క్రితం సున్నం తొట్టి పొంగి రెండు కళ్ళలోనూ పడింది. అప్పటికి అతని భార్యకు నెలలు నిండాయి. వారం తిరక్కుండా కూతురు పుట్టింది. కాలు ఒకచోట నిలవదని ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. పిచ్చుకను మేస్త్రీ వేళ్ళతో చూశాడు. చెవులతో చూశాడు.

కళ్ళతో చూడలేదు.

ఇక చూపు రాదని ముగ్గురు డాక్టర్లు చెప్పేశారు. డాక్టరమ్మ ఒక్కతే "ప్రయత్నిద్దాం" అంది. ఏడాదిలో రెండు ఆపరేషన్లు. ఇది మూడోది. ఎవరో చనిపోతూ ఇచ్చి వెళ్ళిన కంటిపొర... దాన్ని కుడికంటి మీద పదహారు కుట్లతో నిలబెట్టింది. తలవెంట్రుక కన్నా సన్నని దారంతో.

ప్రతి కుట్టూ కుదిరింది.

ఆసుపత్రికి కొత్త భవనం లేస్తోంది. దానికి పెద్ద ఎవరన్నది ఇంకా తేలలేదు. రేపు ట్రస్టు పెద్దలు వస్తున్నారు. వాళ్ళ ఎదుటే కట్టు విప్పాలి. వీడియో తీయాలి. లోకమంతా చూడాలి.

ఈ ఆలోచన ఇంకెవరిదో కాదు. డాక్టరమ్మదే.

కొత్త తెల్లకోటు ఇస్త్రీ చేయించి ఉంచింది కూడా.

*

మధ్యాహ్నం వార్డు గుమ్మం దగ్గర ఆమె ఆగిపోయింది. లోపల ఏదో తతంగం నడుస్తోంది.

"మళ్ళీ చెయ్యి నాన్నా," అంటోంది పిచ్చుక.

కంటికి కట్టుతో మేస్త్రీ మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. మెడ మెల్లగా కుడివైపు తిప్పాడు. ఎవరూ లేని గాలితో, "థాంక్సమ్మా," అన్నాడు.

"అట్లా గబగబా కాదయ్యా," అంది భార్య. "వీడియో ఆయన ఏం చెప్పాడు? ముందు డాక్టరమ్మ మొహం చూడాలి. మూడు లెక్కపెట్టేదాకా చూడాలి. ఆ తర్వాతే మా వైపు."

"ఆవిడ ఎటుపక్క నిలబడతారో ఏమో..."

"అప్పటికి నీకు కనపడుతుంది గదయ్యా!"

ముగ్గురూ పకపకా నవ్వారు. నవ్వి నవ్వి ఆగాక, పిల్ల చిన్న గొంతుతో అడిగింది.

"అయితే నేను రెండోదాన్నా నాన్నా?"

"రెండోదానివైతే ఏమిటే తల్లీ. ఆవిడ లేకపోతే మొదటిదీ లేదు, రెండోదీ లేదు."

డాక్టరమ్మకు అడుగు పడలేదు.

గుమ్మం దాటలేదు. వెనక్కి తిరిగింది. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య, ఎవరూ ఎక్కని మెట్ల మీద కూలబడింది. కళ్ళు మూసుకుంది. ప్రార్థన రాలేదు. మాటే రాలేదు.

అమ్మ వచ్చింది. అమ్మ గొంతు. ఆదివారాలు చాప మీద పిల్లలను కూర్చోబెట్టి బైబిలు కథలు చెప్పే గొంతు... ప్రభువు చూపులేని మనిషి చెయ్యి పట్టుకున్నాడట. జనం మధ్య నిలబెట్టలేదట. ఊరి బయటికి నడిపించుకుని వెళ్ళాడట.

చెయ్యి పట్టుకుని.

ఊరి బయటికి.

ఎన్ని వందల సార్లు వింది ఆ కథ! ఆ మనిషికి చూపు వచ్చిందన్నదే గుర్తు పెట్టుకుంది. జనం నుంచి ఎందుకు తప్పించాడో... ఎప్పుడూ అడగలేదు.

ఏడేళ్ళ చీకటి. అది తెరుచుకునే మొదటి క్షణం. ఆ క్షణం తండ్రిది, బిడ్డది. దాని మధ్యకు తన ముఖం తెచ్చి పెట్టింది.

నావి కావు ప్రభువా అంటూనే... నావే అని రాసుకుంది.

*

"రేపు వీడియో వద్దు సార్. హాలూ వద్దు."

డైరెక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. చెడ్డమనిషి కాదు. ఆమెను చేర్చుకున్నదీ, పైకి తెచ్చిందీ ఆయనే.

"మీ ఐడియానే కదా డాక్టర్?"

"నాదే సార్. అందుకే నేనే వచ్చాను."

"ఆ లైట్లు కంటికి ప్రమాదమా?"

అవును అంటే చాలు. ఒక్క మాట. ఆయన మారు మాట్లాడరు. పేరూ నిలుస్తుంది, పదవీ నిలుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు సార్. లైట్లు తగ్గిస్తే కంటికేమీ కాదు."

"మరి?"

"అది నా గొప్ప కోసం పెట్టిన తతంగం. దేవుడి ముందు నాకు తల ఎత్తుకోవడం కావట్లేదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"ట్రస్టు వాళ్ళు బయల్దేరిపోయారమ్మా. కొత్త భవనం మీ చేతిలో పెడదామనే వస్తున్నారు. ఇందులో దేవుడికేం పని?"

"ఆయనకేం లేదు సార్. నాకే ఉంది, ఆయనతో."

బయట పెద్ద సిస్టర్ ఎదురైంది. ఆసుపత్రిలో గోడలకన్నా ముందు ఈవిడకే అన్నీ తెలుస్తాయి.

"చేతికందినదాన్ని కాలదన్నుకుంటారా ఎవరైనా? పద్నాలుగేళ్ళు మీతో పాటు నా కాళ్ళూ అరిగాయి ఇక్కడ!"

డాక్టరమ్మ నవ్వలేకపోయింది.

"రేపు ట్రే పట్టుకుని వస్తావా అక్కా?"

"రాక చస్తానా," అంది పెద్ద సిస్టర్.

*

మర్నాడు ఎండ ఇంకా ముదరలేదు.

డాక్టరమ్మ మేస్త్రీ చెయ్యి పట్టుకుంది. గరుకు చెయ్యి. కాయలు కాసిన చెయ్యి.

"హాల్లోకేనా అమ్మా?"

"కాదు. బయటికి."

వరండా దాటి, వంటగది దాటి, వెనక దుప్పట్లు ఆరేసే చోటికి. తడి దుప్పట్లు వరసలుగా ఊగుతున్నాయి. తెల్లగా... గాలి పోసుకుని... లోపలంతా మెత్తని వెలుగు. మేస్త్రీని బల్ల మీద కూర్చోబెట్టి, పిచ్చుకను అతని ఎదురుగా, జానెడు దూరంలో నిలబెట్టింది.

తను వెనక్కి వెళ్ళింది.

వెనక నుంచే ప్లాస్టర్ ఊడదీసింది. దూది తీసింది.

"ఇక తెరవండి."

గాలి ఆగినట్టయింది. పెద్ద సిస్టర్ చేతిలో ట్రే సన్నగా మోగుతోంది.

మేస్త్రీ మూడు లెక్కపెట్టలేదు. అతని వీపు కదిలింది. ఒక చెయ్యి లేచింది, గాలిలో తడబడింది, తడుముకోవడం మానేసింది... తిన్నగా వెళ్ళి పిల్ల బుగ్గ మీద ఆగింది.

"మసకగా ఉందే... పిచ్చుకా... నువ్వేనా?"

పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. పుట్టాక మొదటిసారి కదలకుండా.

"కనుబొమ్మ మీద ఈ గీత ఏమిటే?"

పక్కనే ఉన్న భార్యే అంది.

"నాలుగేళ్ళప్పుడు. నిన్ను నడిపిస్తూ మెట్ల మీద పడింది. నాన్నకు చెప్పొద్దంది."

మేస్త్రీ ఆ గీతను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నీళ్ళు కారుతున్నా రెప్ప వేయలేదు.

డాక్టరమ్మ వేల కట్లు విప్పింది. ప్రతిసారీ ఎదుట నిలబడి కంటినే చూసింది. తన కుట్లనే చూసుకుంది. ఆ చూపు బయల్దేరి ఎక్కడికి వెళ్తుందో... ఇన్నాళ్ళూ చూడనే లేదు.

ఇప్పుడు చూసింది.

దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది. ఇక్కడ ఎవరో ఉన్నారు. పేరు చెప్పక్కర్లేనివాడు, ఫోటోలో పడనివాడు. ఆమె గుండెకు తెలుస్తోంది. చెప్పులు విప్పేయాలనిపించింది. విప్పేసింది.

*

ట్రస్టు పెద్దలు హాల్లో కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఆ మరుసటి ఉదయం నోటీసు బోర్డు మీద కాగితం. కొత్త భవనానికి పెద్ద — ఆమె చేతికింద పని నేర్చుకున్న తమ్ముడు లాంటి డాక్టర్. కాగితం రెండుసార్లు చదివింది. కడుపులో మండింది. మండలేదని ఎవరికి చెప్పాలి? దేవుడికి అసలే చెప్పలేదు. మండుతోంది తండ్రీ, అనే చెప్పింది.

చెప్పి, పనిలోకి వెళ్ళింది.

చీకటి గదిలో మేస్త్రీ పరికరం మీద గడ్డం ఆనించాడు. ఎదురుగా డాక్టరమ్మ. ఇద్దరి మధ్యా సన్నని వెలుగు గీత, అతని కంట్లోకి. కుట్ల మీద నీటి చెమ్మ. లోపల నల్లని లోతు, తళతళ...

"మిమ్మల్ని ఇంకా చూడనేలేదమ్మా. నిన్న చూడాలనే మర్చిపోయాను. తప్పుగా అనుకోకండి."

"పైకి చూడండి," అంది.

"ఇప్పుడన్నా చూద్దామంటే మీరు కనపడరే," అన్నాడు మేస్త్రీ, చిన్నపిల్లాడిలా. "వెలుగే కనపడుతోంది."

పరికరం మీద చెయ్యి అలాగే ఉంచింది డాక్టరమ్మ. పెదవులు కదిలాయి —

ఇవి నీ చేతులు ప్రభువా. నావి కావు.